వినడమే వృత్తి: ఎందుకు వస్తారు, ఎలా నిలబడతారు

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్ అనే పాత మానసిక వైద్యశాల ఉంది. 2011లో అక్కడ జరిగిన సభలో మార్షా లినహాన్ మాట్లాడారు. అప్పట్లో ఆమె వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ ప్రొఫెసర్. పదే పదే ప్రాణం తీసుకోబోయేవాళ్ల కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ చికిత్స మూలాల గురించి చెబుతూ, అంతకుముందెన్నడూ బహిరంగంగా చెప్పని సంగతి ఒకటి ఆ రోజు బయటపెట్టారు. 1961లో, 17 ఏళ్ల వయసులో, ఆమె అదే ఆసుపత్రిలో రోగి. 26 నెలలు అక్కడే గడిపారు. ఒంటరి గదిలో పెట్టారు, కరెంటు షాకులిచ్చారు, మందులిచ్చారు. ఏదీ పెద్దగా పనిచేయలేదు. ఈ నరకంలోంచి బయటపడితే తిరిగొచ్చి మిగతావాళ్లనూ బయటికి తెస్తానని అప్పుడే మొక్కుకున్నారట.

ఇలాంటి కథ వినగానే మన చేతికో సూత్రం దొరికినట్టుంటుంది. పడ్డవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది, అందుకే వాళ్లు థెరపిస్టులవుతారు, అందుకే మంచి థెరపిస్టులవుతారు. సూత్రం వినడానికి బాగుంది. అయితే గత 30, 40 ఏళ్లలో పరిశోధకులు థెరపిస్టులనే కూర్చోబెట్టి ప్రశ్నించారు, వాళ్ల దగ్గరికొచ్చినవాళ్లు కోలుకున్నారో లేదో లెక్కలు తీశారు. ఆ లెక్కల్లో సూత్రం మొదటి భాగానికి కొంత బలం దొరికింది. రెండో భాగం మాత్రం నిలవలేదు. మనిషిని ఈ వృత్తి గుమ్మం దాకా తీసుకొచ్చేది ఒకటి, లోపల పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పనిచేయించేది మరొకటి. ఈ రెంటినీ కలిపేసుకున్నవాళ్లే తొందరగా అలసిపోతారు.

మానని గాయం

గ్రీకు పురాణాల్లో కైరాన్ అనే అశ్వమానవుడున్నాడు. వైద్య విద్యలో ఆరితేరినవాడు. హెర్క్యులిస్ వదిలిన విషపు బాణం పొరపాటున తగిలి అతనికి మానని గాయమైంది. అమరుడు కాబట్టి చావూ రాదు. ఎందరికో వైద్యం చేసినవాడికి తన గాయానికి మందు దొరకలేదు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ ఈ కథను పట్టుకుని, వైద్యుడిలోని గాయమే అతని నయం చేసే శక్తికి మూలమన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చారు. అయితే దాంతో ఆగలేదు. గాయం ఉన్న వైద్యుడు ముందు తన గాయాన్ని తెలుసుకోవాలని పట్టుబట్టారు. మనోవిశ్లేషకులు కాదలచినవాళ్లు తామే ముందు విశ్లేషణ చేయించుకోవాలన్న నియమం యుంగ్ ఉన్న జ్యూరిక్ బృందం నుంచే వచ్చిందని ఫ్రాయిడ్ 1912లో రాశారు.

పురాణం సరే, లెక్కలేమంటున్నాయి? 1993లో డయానా ఎలియట్, జేమ్స్ గై అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు మూడు వేలమంది ఉద్యోగినుల బాల్యం గురించి వివరాలు సేకరించారు. అందులో మానసిక ఆరోగ్య రంగంలో ఉన్నవాళ్లు కొందరు, ఇతర వృత్తుల్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది. దెబ్బలు తినడం, లైంగిక వేధింపు, తాగుబోతు తల్లి లేదా తండ్రి, తల్లిదండ్రుల్లో ఒకరు మానసిక వైద్యశాలలో చేరడం, ఇంట్లో ఒకరి మరణం: ఇలాంటివి తమ బాల్యంలో జరిగాయని చెప్పినవాళ్లు మిగతా వృత్తులవారికంటే థెరపిస్టుల్లోనే ఎక్కువ కనిపించారు. ఆ అధ్యయనంలోనే మరో సంగతి కూడా ఉంది. పెద్దయ్యాక ఆందోళన, దిగులు వంటి లక్షణాలు ఆ థెరపిస్టుల్లో తక్కువగా ఉన్నాయి. కష్టమైన బాల్యం ఉన్నా, ఈ పనిలోకి వచ్చేనాటికి చాలామంది ఏదో రకంగా తేరుకున్నారన్నమాట.

ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. థెరపిస్టులు తమ బాల్యాన్ని తవ్వి చూసుకోవడానికి శిక్షణ పొందినవాళ్లు. ఒక బ్యాంకు ఉద్యోగి మా నాన్నకు కోపమెక్కువ అని దాటేసేదాన్ని, థెరపిస్టు హింస అని పేరు పెట్టి గుర్తుంచుకోవచ్చు. పైగా కష్టాల్లో పెరిగిన పిల్లల్లో అత్యధికులు థెరపిస్టులు కారు. గాయం ఒక దారి తెరుస్తుంది, అంతే.

ఇంట్లో రాయబారి

గాయం అనగానే కొట్టడం, చావు, తాగుడే గుర్తొస్తాయి. థెరపిస్టులు చెప్పుకునే బాల్యాల్లో వీటికంటే చడీచప్పుడూ లేని కారణం ఒకటి తరచుగా కనిపిస్తుంది. భార్యాభర్తలు మాట్లాడుకోని ఇల్లు మనందరికీ తెలుసు. ‘మీ నాన్నని అన్నానికి రమ్మను’ అని అమ్మ పిల్లతో చెబుతుంది. ‘ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు’ అని నాన్న అదే పిల్లతో కబురు పంపుతాడు. తలుపు చప్పుణ్ని బట్టి ఆ రోజు ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో ఆ పిల్ల చెప్పేయగలదు. తమ్ముణ్ని ఎప్పుడు పక్క గదిలోకి తీసుకెళ్లాలో, అమ్మ ఏడుస్తుంటే ఎంతసేపు పక్కన కూర్చోవాలో ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటుంది. ‘మా అమ్మాయి ఎంత పెద్దరికంగా ఉంటుందో’ అని చుట్టాలు మెచ్చుకుంటారు.

పిల్ల తల్లిదండ్రులకే తల్లిగా మారే ఈ తలకిందుల పాత్రను ఫ్యామిలీ థెరపీకి పునాదులు వేసినవారిలో ఒకరైన ఇవాన్ బొజోర్మెనీ నాజ్ 1973లో జెరాల్డిన్ స్పార్క్‌తో కలిసి రాసిన పుస్తకంలో వివరించారు. 1979లో మనోవిశ్లేషకురాలు ఆలిస్ మిల్లర్ ఈ మాటను నేరుగా థెరపిస్టులకే తిప్పి చెప్పారు. తల్లి అవసరాలను పసిగట్టి వాటికి తగ్గట్టు మసలుకోవడం నేర్చిన బిడ్డే పెద్దయ్యాక ఇతరుల మనసు చదవగల మనిషి అవుతుందని ఆమె వాదన. ఆ చదివే చురుకుదనం వృత్తిలో పనికొస్తుంది. దాంతోపాటు వచ్చే అలవాటే ప్రమాదం. ఎదుటివాళ్లు బాగుంటేనే తనకు విలువ అని నమ్మిన పిల్ల, క్లయింటు కోలుకోకపోతే తానే ఓడిపోయినట్టు కుంగిపోతుంది.

గాయం లేని దారులు

అందరూ నొప్పి దారిలోనే రారు. అమెరికన్ మనోవైద్యుడు, రచయిత ఇర్విన్ యాలమ్ తన ఆత్మకథలో చెప్పిన సంగతి వేరు. ఆయన తల్లిదండ్రులు వాషింగ్టన్‌లో కిరాణా కొట్టు నడిపేవారు. యాలమ్‌కు 14 ఏళ్లప్పుడు ఓ రాత్రి తండ్రికి గుండెపోటు వచ్చింది. భయంతో వణికిపోతున్న తల్లి, నీవల్లే ఇదంతా అని కొడుకు మీద విరుచుకుపడింది. డాక్టరు వచ్చారు. వచ్చి కుర్రాడి తల నిమిరి, స్టెతస్కోపు వాడి చెవులకు తగిలించి, తండ్రి గుండె సరిగ్గానే కొట్టుకుంటోందని వినిపించారు. ఆ డాక్టరు తనకిచ్చిన ఊరటను ఇంకొకరికి అందించాలన్న కోరికే తనను వైద్యంలోకి తెచ్చిందని యాలమ్ అంటారు. అందరూ చెదిరిపోయిన వేళ ఒక మనిషి నిబ్బరంగా ఉండటం ఎంత పని చేస్తుందో ఆయన చిన్నప్పుడే చూశారు.

మరో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్‌ను ఈ రంగంలో నిలబెట్టింది కుతూహలం. మనోవిశ్లేషణలో శిక్షణ పొందిన ఆయన, డిప్రెషన్ అంటే తన మీదికే తిప్పుకున్న కోపం అన్న ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని రుజువు చేయాలని రోగుల కలలను పరిశీలించారు. కోపం దొరుకుతుందనుకున్న చోట నష్టం, ఓటమి దొరికాయి. సిద్ధాంతాన్ని కాపాడుకునే బదులు దాన్ని పక్కనపెట్టి, మనిషి తన గురించి తాను వేసుకునే తప్పుడు అంచనాల వెంటపడ్డారు. 1960లలో కాగ్నిటివ్ థెరపీ అలా పుట్టింది. 2021లో నూరేళ్లు నిండి కన్నుమూసేదాకా ఆయన ఆ పనిలోనే ఉన్నారు.

ఇక ఫ్రాయిడ్ సంగతి మరీ మామూలుది. ఆయనకు ప్రయోగశాలలో నాడీకణాలను పరిశోధిస్తూ ఉండిపోవాలని ఉండేది. 1882లో మార్తా బెర్నైస్‌తో పెళ్లి నిశ్చయమైంది. ప్రయోగశాల జీతంతో సంసారం నడవదు. గురువు ఎర్నెస్ట్ బ్రూకె కూడా వైద్యవృత్తి చూసుకోమని సలహా ఇచ్చారు. ఆస్పత్రిలో చేరి అనుభవం సంపాదించి, 1886లో వియన్నాలో సొంత క్లినిక్ తెరిచి, అదే ఏడాది పెళ్లి చేసుకున్నారు. మనోవిశ్లేషణ చరిత్ర వెనక ఒక యువకుడి సంపాదన చింత కూడా ఉంది. గౌరవమైన పని, కుదురైన ఆదాయం, సొంత వేళలు: ఈ కారణాలను థెరపిస్టులు పెద్దగా బయటికి చెప్పుకోరు గానీ, చాలామంది నిర్ణయంలో వాటి వాటా ఉంటుంది. అందులో తప్పూ లేదు.

అనుభవించడం వేరు, చేయగలగడం వేరు

ఇప్పుడు సూత్రం రెండో భాగానికి వద్దాం. తాను బాధపడినంత మాత్రాన ఎవరైనా మంచి థెరపిస్టు అవుతారా?

థెరపిస్టులందరూ ఒకేలా పనిచేయరన్నది మాత్రం ఖాయం. చికిత్స ఫలితాల్లో కనిపించే తేడాల్లో సుమారు 5 శాతం, ఎవరి దగ్గరికి వెళ్లారన్న దాని మీద ఆధారపడుతుందని అనేక అధ్యయనాల సగటు చెబుతోంది. వినడానికి చిన్న అంకె. వందలమంది క్లయింట్లను చూసే వృత్తిలో మాత్రం అది ఎన్నో జీవితాల తేడా.

ఆ తేడా ఎక్కణ్నుంచి వస్తోంది? 2009లో తిమతీ ఆండర్సన్ బృందం 25 మంది థెరపిస్టులకు కొన్ని వీడియోలు చూపింది. వాటిలో క్లయింట్లు నీవల్ల ఏమీ ఒరగట్లేదని ఎదురుతిరుగుతారు, మూగగా కూర్చుంటారు, మరీ అంటిపెట్టుకుపోతారు. అలాంటి క్షణంలో మీరేం చెబుతారని అడిగి, జవాబులను రికార్డు చేసి, వాటికి మార్కులు వేశారు. ఆ థెరపిస్టులు చూసిన వెయ్యిమందికి పైగా క్లయింట్ల ఫలితాలతో ఆ మార్కులను పోల్చారు. ఆడా మగా, ఏ సిద్ధాంతం పాటిస్తారు అన్నవాటికి పెద్ద సంబంధం కనిపించలేదు. ఇబ్బందికరమైన క్షణంలో నొచ్చుకోకుండా, ఎదురుదాడి చేయకుండా, స్పష్టంగా, ఆప్యాయంగా మాట్లాడగలిగినవాళ్ల క్లయింట్లు ఎక్కువగా కోలుకున్నారు. గాయపడిన బాల్యం ఈ నేర్పును ఇవ్వనూ వచ్చు, లాగేసుకోనూ వచ్చు. కోపిష్టి తండ్రి ముందు ముడుచుకుపోయి పెరిగిన మనిషి, కోపంగా ఉన్న క్లయింటు ముందు మళ్లీ ముడుచుకుపోవచ్చు.

పోనీ అనుభవం నేర్పుతుందా? 2016లో సైమన్ గోల్డ్‌బర్గ్ బృందం 170 మంది థెరపిస్టులు, వాళ్ల దగ్గరికి వచ్చిన 6,591 మంది క్లయింట్ల వివరాలను ఏళ్ల తరబడి గమనించి చూసింది. ఏళ్లు గడిచేకొద్దీ సగటు ఫలితాలు పెరగలేదు సరికదా, అతి స్వల్పంగా తగ్గాయి. కొందరు మాత్రం మెరుగయ్యారు. సర్వీసు పెరిగినంత మాత్రాన నైపుణ్యం దానంతటదే పెరగదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇందుకు కారణం ఊహించడం కష్టం కాదు. వంట మాడితే వాసన వస్తుంది, థెరపీ మాడితే వాసన రాదు. బాగుపడని క్లయింటు గొడవపడడు, మళ్లీ రాడు. బాగుపడినవాడూ మళ్లీ రాడు. రెండు కుర్చీలూ ఒకేలా ఖాళీ అవుతాయి. 2005లో అమెరికాలో జరిగిన అధ్యయనం దీన్ని లెక్కగట్టింది. థెరపిస్టులు చూస్తున్న 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పమన్నారు. వాళ్లు ముగ్గురి పేర్లే చెప్పారు. చివరికి దిగజారినవాళ్లు 40 మంది. ఆ మూడు అంచనాల్లో నిజమైనది ఒక్కటే. 2012లో స్టీవెన్ వాల్‌ఫిష్ బృందం 129 మంది మానసిక ఆరోగ్య నిపుణులను మీ నైపుణ్యం తోటివారితో పోలిస్తే ఎంత అని అడిగితే, నాలుగో వంతుమంది తాము పైనున్న పది శాతంలో ఉన్నామన్నారు. తాను సగటుకంటే తక్కువ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మంచి మనసు ఉన్నంత మాత్రాన తన పని తనకు కనిపించదు.

తోడు ఏడవడం, తోడు నిలవడం

రోజుకు ఐదారుగురి దుఃఖం వింటే ఎవరైనా కుంగిపోరా అని మనకు అనిపిస్తుంది. మెదడు పరిశోధనలు దీనికి ఆసక్తికరమైన జవాబిచ్చాయి.

2004లో తానియా సింగర్ బృందం 16 జంటలతో ప్రయోగం చేసింది. భార్య స్కానర్‌లో ఉంటుంది, భర్త పక్కనే ఉంటాడు. ఒకసారి ఆమె చేతికి, ఒకసారి అతని చేతికి చురుక్కుమనే షాక్ ఇస్తారు. తనకు నొప్పి కలిగినప్పుడు చురుకయ్యే మెదడు ప్రాంతాల్లో కొన్ని, ముఖ్యంగా యాంటీరియర్ ఇన్సులా అనే భాగం, భర్తకు నొప్పి అని తెలిసినప్పుడూ చురుకయ్యాయి. చర్మం మీది నొప్పిని గుర్తించే భాగాలు మాత్రం కదల్లేదు. నొప్పిలోని బాధ పంచుకోబడింది, పోటు పంచుకోబడలేదు.

తర్వాతి ప్రయోగాల్లో ఓల్గా క్లిమెకీ, సింగర్ వాలంటీర్లకు రెండు రకాల శిక్షణలు ఇచ్చారు. మొదట, కష్టాల్లో ఉన్నవాళ్ల వీడియోలు చూస్తూ ఆ బాధను తామూ అనుభవించడం. దాంతో వాళ్లలో దిగులు పెరిగింది. ఆ తర్వాత, అదే బాధను చూస్తూ ఆ మనిషి మేలు కోరే కరుణా ధ్యానం. అప్పుడు దిగులు తగ్గి మనసు స్థిమితపడింది. మెదడులో చురుకైన ప్రాంతాలూ మారాయి. ఆప్యాయతకు, సంతృప్తికి సంబంధించిన భాగాలు మేల్కొన్నాయి. బౌద్ధ భిక్షువు మాథ్యూ రికార్డ్ స్కానర్‌లో ఇలాంటి ప్రయోగానికే కూర్చున్నారు. కరుణను పక్కనపెట్టి ఉత్త సహానుభూతితో ఇతరుల బాధను తలచుకుంటూ ఉంటే కాసేపటికే భరించలేనంత నీరసించిపోయానని, కరుణ వైపు మళ్లగానే శక్తి తిరిగొచ్చిందని ఆయన చెప్పారు.

ఇవి చిన్న ప్రయోగాలు, థెరపీ గదికి దూరంగా జరిగినవి. అయినా అనుభవజ్ఞులైన థెరపిస్టులు చెప్పే మాటకు ఇవి దగ్గరగా ఉన్నాయి. క్లయింటుతో కలిసి మునిగిపోతే ఇద్దరూ మునుగుతారు. ఒడ్డున కాలు ఊని చేయి అందించడం నేర్చుకోవాలి. చిన్నప్పుడు అమ్మ ఏడుపును తన ఏడుపుగా మోసిన పిల్లకు ఇది సులువుగా రాదు.

కాలిపోయేది ఎవరు

బర్నవుట్ అనే మాటను మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ తానే దానికి మొదటి ఉదాహరణల్లో ఒకరు. నాజీల నుంచి తప్పించుకుని చిన్నప్పుడే న్యూయార్క్ చేరిన మనిషి. పగలంతా సొంత ప్రాక్టీసు, సాయంత్రం నుంచి పొద్దుపోయేదాకా మత్తుమందులకు బానిసలైన యువకుల కోసం నడిచే ఉచిత క్లినిక్. ఒక రోజు కుటుంబంతో ఊరికి బయలుదేరాల్సి ఉండగా మంచం మీంచి లేవలేకపోయారు. టేపురికార్డరు ముందు తన గోడు చెప్పుకుని, ఆ టేపును తన క్లయింటు మాటల్లా విని తనకేమైందో అర్థం చేసుకున్నారు. 1974లో అచ్చయిన ఆయన వ్యాసం, పనికి అంకితమైపోయినవాళ్లే ఎక్కువగా కాలిపోతారని హెచ్చరించింది.

తర్వాత మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ ఈ స్థితికి మూడు గుర్తులు చెప్పారు: ఒంట్లో మనసులో సత్తువ ఇంకిపోవడం, ఎదుటి మనిషిని కేసు నంబరులా చూడటం, తన పనివల్ల ఏ ఉపయోగమూ లేదనిపించడం. మైకేల్ లైటర్‌తో కలిసి ఆమె చూపిన కారణాల్లో మాత్రం వ్యక్తి బలహీనత కనిపించదు. పనిభారం, పని మీద తనకున్న పట్టు, ప్రతిఫలం, తోటివారి తోడ్పాటు, న్యాయం, విలువలు: ఈ ఆరింటిలో మనిషికీ పనికీ పొత్తు కుదరనప్పుడు బర్నవుట్ వస్తుందంటారు. సంస్థల్లో పనిచేసేవారికంటే సొంత ప్రాక్టీసు ఉన్న థెరపిస్టులు తక్కువ అలసట చెప్పడానికి కారణం ఇక్కడే ఉంది. రోజుకు ఎంతమందిని చూడాలో వాళ్లు నిర్ణయించుకోగలరు.

మన దగ్గర ఆ పట్టు చాలామందికి లేదు. లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015, 2016లలో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదని తేల్చింది. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు, కానీ ఇక్కడి పెద్దాసుపత్రుల ఓపీ బయట వరసలు చూసినవాళ్లకు ఆ అంకెలు కొత్తగా అనిపించవు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. చాలాసార్లు అలాంటి కౌన్సెలరుకు ఫోన్ పెట్టేశాక అవతలి మనిషి ఏమయ్యారో తెలియదు. ఇంటికెళ్లి ఎవరికీ చెప్పుకోవడానికీ వీల్లేదు, గోప్యత ఈ వృత్తికి మొదటి నియమం. పైగా చుట్టాల పెళ్లి భోజనాల బంతిలో, ‘నువ్వు సైకాలజిస్టువు కదమ్మా, మావాడు చదవడం లేదు, కాస్త చూడు’ అని మరో కేసు ఎదురవుతుంది.

నిలబెట్టేవి

ఇన్ని కష్టాలున్నా ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను అతి విస్తృతంగా పరిశీలించినవారు అమెరికాకు చెందిన డేవిడ్ ఓర్లిన్‌స్కీ, నార్వేకు చెందిన మైకేల్ హెల్గే రొన్నెస్టాడ్. పన్నెండుకు పైగా దేశాల్లోని సుమారు 5,000 మంది థెరపిస్టుల వివరాలతో 2005లో పుస్తకం తెచ్చారు. వాళ్లు గమనించిన ముఖ్య విషయం: తాను ఇప్పటికీ నేర్చుకుంటున్నానన్న భావన ఉన్నవాళ్లే ఉత్సాహంగా ఉన్నారు. కొత్తగా చేరినవాళ్లలోనే కాదు, దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లలోనూ ఆ భావన బలంగా ఉంది. ఆ నేర్పు ఎక్కణ్నుంచి వచ్చిందంటే మొదట క్లయింట్ల నుంచి, తర్వాత సూపర్‌విజన్ నుంచి, ఆపైన తాము స్వయంగా తీసుకున్న థెరపీ నుంచి అన్నారు. పుస్తకాలకు, కోర్సులకు అంత పైస్థానం దక్కలేదు.

సూపర్‌విజన్ అంటే పైఅధికారి తనిఖీ కాదు. తన కేసులను, తన తడబాట్లను మరో అనుభవజ్ఞుడి ముందు పరిచి మాట్లాడుకునే గంట. క్లయింటు రహస్యం ఇంట్లో చెప్పుకోలేని మనిషికి అది ఊపిరి తీసుకునే కిటికీ. తాను చూడలేని తప్పును ఇంకొకరు చూసే చోటు కూడా అదే. ప్రతి సెషన్‌లో క్లయింటుతో చిన్న ప్రశ్నావళి నింపించి, దిగజారుతున్నవాళ్లను ముందే గుర్తించే పద్ధతిని మైకేల్ లాంబర్ట్ వంటివారు ఏళ్ల తరబడి పరీక్షించి చూపారు. ఇందాకటి 40 మందిని పసిగట్టలేని కంటికి అది కళ్లద్దం.

నార్వేలో హెలెన్ నిస్సెన్ లీ బృందం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. తాను ఈ క్లయింటుకు నిజంగా సాయపడుతున్నానా అని సందేహించే థెరపిస్టుల దగ్గర ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. అయితే ఒక షరతు ఉంది. ఆ సందేహం పని మీదే ఉండాలి. మనిషిగా తన మీద తనకు దయ ఉండాలి. తనను తాను తిట్టుకుంటూ ఉండేవాళ్లకు ఆ సందేహం మేలు చేయలేదు. ఇంట్లో రాయబారిగా పెరిగిన పిల్లకు దీనికంటే కష్టమైన పాఠం ఉండదు: ఈ రోజు నా పని సరిగ్గా సాగలేదు అనగలగాలి, నేను పనికిరానిదాన్ని అనకుండా ఉండాలి.

ఇంకో ఇంధనం క్లయింట్ల నుంచే వస్తుంది. రాజకీయ హింసకు, కిడ్నాపులకు గురైనవాళ్లతో కొలంబియాలో పనిచేసే థెరపిస్టులను పిలార్ హెర్నాండెజ్ బృందం ఇంటర్వ్యూ చేసి 2007లో వివరాలు ప్రచురించింది. విన్న బాధ వాళ్లను తాకిన మాట నిజమే. దానితోపాటు, అంత పోగొట్టుకున్న మనుషులు మళ్లీ నిలబడటం దగ్గరగా చూసి, తమ కష్టాలను చూసే తీరే మారిందని వాళ్లు చెప్పారు. దుఃఖం అంటుకున్నట్టే ధైర్యమూ అంటుకుంటుంది. కానీ ధైర్యం అంటుకోవాలంటే క్లయింటు కోలుకునేదాకా చూడగలిగే తీరిక ఉండాలి. పదిహేను నిమిషాలకో మనిషిని పంపించే చోట థెరపిస్టుకు కష్టమే కనిపిస్తుంది, కోలుకోవడం కనిపించదు.

బల్ల మీద అమ్మమ్మలు

ఈ మాటలన్నీ ఒక్కచోట పనిచేయడం చూడాలంటే జింబాబ్వే వెళ్లాలి. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీ లేక ఆమె రాలేకపోయిందని తర్వాత తెలిసింది. ఆ దెబ్బే ఆయన్ను కొత్త దారి పట్టించింది. దేశం మొత్తానికి పదిమందో పన్నెండుమందో సైకియాట్రిస్టులున్న రోజులవి. 2006లో హరారేలోని ఎంబారే పేటలో 14 మంది అమ్మమ్మలకు సమస్యను విడగొట్టి పరిష్కరించుకునే చికిత్సా పద్ధతిలో శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెక్కబల్ల మీద కూర్చోబెట్టారు. దానికి ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని పేరు. 2016లో అచ్చయిన పరీక్షలో 573 మంది పాల్గొన్నారు. ఆరు నెలల తర్వాత, మామూలు సేవలు పొందినవాళ్లలో సగంమందికి డిప్రెషన్ లక్షణాలు మిగిలి ఉండగా, బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో అవి 14 శాతం మందికే ఉన్నాయి. మన గోవాలోనూ విక్రమ్ పటేల్, సంగాత్ సంస్థ కలిసి ఊళ్లోని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి తీవ్రమైన డిప్రెషన్‌కు కూడా కౌన్సెలింగ్ చేయించవచ్చని 2017లో చూపారు.

గాయం చిబాండాను కదిలించింది. ఆయన దాన్ని మోస్తూ ఒంటరిగా మరింత కష్టపడి ఉంటే మరో ఫ్రాయిడెన్‌బర్గర్ అయ్యేవారు. దాన్ని ఒక పద్ధతిగా, ఒక శిక్షణగా, ఒక బృందంగా మార్చారు. గోవాలో కౌన్సెలర్లు తమ సెషన్ల రికార్డింగులను తోటివారి మధ్య కూర్చుని విని, మార్కులు వేసుకుని, సరిదిద్దుకునేవారు. సాయం చేసేవాళ్లే ఎక్కువ లాభపడతారని ఫ్రాంక్ రీస్మన్ 1965లోనే ఒక సూత్రం చెప్పారు. ఆ లాభం దక్కాలంటే సాయం చేసేవాళ్ల వెనకా ఎవరో ఒకరుండాలి.

మన దగ్గర సైకాలజీ చదువుతున్న పిల్లలను ఎందుకు ఈ దారి ఎంచుకున్నారని అడిగితే, నా ఫ్రెండ్స్ అందరూ నాకే చెప్పుకుంటారండీ అనో, నేనూ ఆ బాధ పడ్డానండీ అనో అంటారు. రెండూ మంచి ఆరంభాలే. వాటి తర్వాత అడగాల్సినవి వేరే ఉన్నాయి. నీ తప్పు నీకు ఎవరు చెబుతారు? నీ క్లయింటు బాగుపడుతున్నాడో లేదో దేన్ని బట్టి తెలుసుకుంటావు? నీ గోడు ఎవరి దగ్గర చెప్పుకుంటావు? చికిత్స కోసం వెళ్లేవాళ్లూ ఈ ప్రశ్నలు అడగవచ్చు. మీ కేసులు ఎవరితో చర్చిస్తారు అన్న ప్రశ్నకు మంచి థెరపిస్టు నొచ్చుకోరు. ఇక ఆసుపత్రులు, కాలేజీలు, హెల్ప్‌లైన్లు నడిపేవాళ్లకు మిగిలింది ఒకటే పని. సేవాభావం ఉన్నవాళ్లు కావాలని ప్రకటన వేస్తే వాళ్లు వస్తారు. వాళ్లు నిలవాలంటే మాత్రం కేసుల సంఖ్యకు హద్దు పెట్టాలి, వారానికో గంట సూపర్‌విజన్‌ను డ్యూటీ చార్టులో రాయాలి, ఆ గంటకూ జీతం లెక్కగట్టాలి.